తుంగలో ఎర్రంగీ పీరు

మౌలాలికి బెంగంతా తలపాగా మీదే.

బుడగలపల్లె చెరువు కింద ఒక చిన్న దర్గా ఉంది. దాని పక్కన రెండు కొట్టాలు. ఒకదాంట్లో లాలప్ప తాత ఉంటాడు. రెండోదాంట్లో ఆయన దగ్గర బోధ కోసం వచ్చినవాళ్లు ఉంటారు. వచ్చినవాళ్లు ఊడుస్తారు, నీళ్లు మోస్తారు, తాత నోరు తెరిస్తే వింటారు. ఆయన నోరు తెరిచేది తక్కువ. ఏదో ఒక ఏడు దర్గా ఉరుసు పండగనాడు ఒకణ్ణి దగ్గరికి పిలిచి తలకు పచ్చపాగా చుడతాడు. అంతే, వాడి చదువు అయిపోయినట్టు. వాడి ఊరికి వాడు పోతాడు. అక్కడ జనం వాడి కాళ్లకు మొక్కుతారు.

మౌలాలి తర్వాత వచ్చినవాళ్లు కూడా పాగాలు కట్టించుకుని వెళ్లిపోయారు. పోయిన ఉరుసుకు ఇమాంసా వెళ్లాడు. ఇమాంసా చీపురు పట్టిన చోట చెత్త ఎక్కువయ్యేది. అలాంటివాడికీ పాగా వచ్చింది.

మౌలాలి ఇంకా ఊడుస్తూనే ఉన్నాడు.

ఎప్పుడైనా ఇంటికి పోతే వాళ్లన్న గడపలోనే పట్టుకునేవాడు. "ఏమబ్బీ, ఇంగా పాసు కాలేదా?" వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అందుకని మౌలాలి ఇంటికి పోవడం కూడా తగ్గించాడు.

ఒకరోజు పొద్దున్నే తాత చాప అల్లుతుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"తాతా, నాలో ఏం తక్కువుండాది?"

తాత తలెత్తలేదు. ఒక పుల్ల కిందినుంచి తీశాడు, ఇంకో పుల్ల పైనుంచి పోనిచ్చాడు.

"పాగా గురించా?"

మౌలాలి నేల చూశాడు.

"ఈసారి నా చాప నువ్వు అల్లు" అన్నాడు తాత.

మౌలాలి చటుక్కున తలెత్తాడు.

ఉరుసునాడు తాత కూర్చునే చాప ఏటేటా కొత్తది. దానికి కావలసిన తుంగ చెరువు మరవ దగ్గర, నీళ్లు పొర్లిపోయే చోట, ఒకే ఒక మడిలో కోస్తారు. తాత మడి అంటారు దాన్ని. ఊళ్లో ఇంకెవరూ అందులో కొడవలి పెట్టరు. మామూలుగా ఆ చాప తాతే అల్లుకుంటాడు. ఎవరినైనా అల్లమన్నాడంటే ఆ ఏడు పాగా వాడిదే. ఇమాంసా అల్లిన చాప ఒక మూల పొడుగు, ఒక మూల పొట్టి. ఐనా దానిమీదే కూర్చుని తాత వాడికి పాగా చుట్టాడు.

"పూత ముదరకముందే కొయ్యాల" అన్నాడు తాత. "ముదిరితే పుల్ల విరుగుతాది."

"నాకు తెలీదా తాతా!" అని మౌలాలి అప్పటికే కొడవలి అందుకున్నాడు.

వానలు ఆలస్యంగా వచ్చినా బాగా కురిసి, చెరువు నిండుగా ఉంది. తాత మడిలో తుంగ మనిషెత్తు లేచి లేతగా ఊగుతోంది. మౌలాలి మోకాలిలోతు బురదలో దిగి, మొదటి దుబ్బును ఎడంచేత్తో పట్టుకున్నాడు.

దుబ్బు వెనకనుంచి ఎర్రగా ఏదో లేచింది.

నిప్పురవ్వ అనుకున్నాడు. అది పోయి రెండు దుబ్బుల అవతల ఒక పుల్లమీద వాలింది. పుల్ల వంగను కూడా వంగలేదు. పిట్ట. బొటనవేలంత పిట్ట. ఒళ్లంతా పండుమిరపకాయ రంగు. పక్కలమీద, రెక్కలమీద తెల్లటి చుక్కలు, ఎవరో చక్కెర చల్లినట్టు. ముక్కు లక్కపూసలాగా ఉంది.

జీనువాయి. జీనువాయిలను మౌలాలి చాలా చూశాడు. ఎండాకాలం కసువుగడ్డిలో గుంపులు గుంపులుగా మేస్తుంటాయి, మట్టిరంగులో. ఇంత ఎర్రదాన్ని ఇంత దగ్గరగా మాత్రం ఎప్పుడూ చూడలేదు.

దాని ముక్కులో ఒక తెల్లటి ఈక ఉంది. ఎక్కడినుంచి ఏరుకొచ్చిందో. ఆ ఈకను పట్టుకుని పుల్లమీద పైకి లేచి, తల వంచి, మళ్లీ లేచి, మళ్లీ వంచి, సలాము చేస్తోంది. ఎవరికా అని చూస్తే, పక్క పుల్లమీద ఆడపిట్ట. దానికి ఎరుపు తోకమొదట్లో మాత్రమే, తక్కినదంతా ఎండుటాకు రంగు. మగది అంత తిప్పలు పడుతుంటే అది రెక్క దువ్వుకుంటోంది.

మౌలాలికి నవ్వొచ్చింది. "పాపం, నీకూ ఇంగా పాసు కాలేదా?" అన్నాడు.

కొడవలి పెట్టబోతే దుబ్బు నడిమధ్యన కనిపించింది గూడు. నిమ్మకాయ కన్నా పెద్దది, టెంకాయ కన్నా చిన్నది. గడ్డి పరకలతో ఉండలాగా చుట్టి, పక్కన వేలు దూరేంత బొక్క. లోపల మెత్తటి ఈకలమీద తెల్లటి గుడ్లు, చిన్న రేగ్గాయలంత. మౌలాలి ఊపిరి బిగబట్టి, చుట్టూ ఉన్న తుంగ కదలకుండా వెనక్కి వెనక్కి నడిచి గట్టెక్కాడు.

"తాతా, మడిలో జీనువాయి గూడు పెట్టింది. గుడ్లుండాయి. ఆ పక్కకు పోకుండా, దూరంగా అంచుల్లో కోసుకుంటా" అన్నాడు.

"ఎవురికి చెప్పినావు?"

"నీకే."

"సరే" అన్నాడు తాత. చాపలోకి ఇంకో పుల్ల పోనిచ్చాడు.

మౌలాలి ఇంకాసేపు నిలబడ్డాడు. శభాష్ అంటాడేమోనని. ఇంకోడైతే గూడూ గుడ్లూ చూడకుండా కోసి పారేసేవాడు, నువ్వు చూశావు అంటాడేమోనని. తాత ఏమీ అనలేదు. లోపల ఏదో అన్నం సరిపోనట్టు ఉండిపోయింది మౌలాలికి.

వంటింట్లోకి పోయి కాశింబీకి చెప్పాడు. కాశింబీ దర్గాలో వంట చేస్తుంది. ఆమెకు మాటలు ఎక్కువ, చెవులు ఇంకా ఎక్కువ.

"యా అల్లా! గూడు చూసి కొడవలి దించేసినావా?" అని ఆమె గరిటె పక్కన పెట్టింది. "ఎంత పుణ్యం చేసినావు నాయనా! నీ కడుపు సల్లగుండ."

ఆ మాట బాగుంది. సాయంత్రం నూనె తెచ్చినాయనకు మౌలాలే చెప్పాడు. ఆయనా బాగుందన్నాడు.

బేస్తవారం దర్గాకు జనం వచ్చే రోజు. ఆ వారం పదిమంది చుట్టూ చేరి, "ఏదన్నా ఆ పిట్ట, మాకూ చూపియ్యి" అన్నారు. మౌలాలి తీసుకెళ్లి దూరంనుంచి చూపించాడు. ఎర్రది పుల్లమీద వాలి, వీళ్లవైపు తిరిగి, సన్నగా కూసింది. గాజులమ్మే నారాయణమ్మ గంప దించి రెండు చేతులెత్తి మొక్కింది.

"ఎర్రంగీ తొడుక్కోనుండాడు చూడండమ్మా! పిట్ట కాదు, పీరు! తాత మడిలోనే వచ్చి కూచున్నాడంటే ఊరికేనా?"

మౌలాలి కాదనలేదు. అవునని కూడా అనలేదు.

మరుసటిరోజు అతనికి ఒక భయం పట్టుకుంది. తెలియనివాళ్లెవరైనా వచ్చి ఆ దుబ్బును కోసేస్తే? పశువులు తొక్కితే? దర్గాలో పాత జెండా ఒకటి ఉంటే తెచ్చి, వెదురుబొంగుకు కట్టి, గూటికి నాలుగడుగుల దూరంలో పాతాడు. పచ్చజెండా ఉన్నచోట ఎవడూ కొడవలి పెట్టడు. అతని ఉద్దేశం అంతే.

జెండా కట్టమీదినుంచి కూడా కనబడింది. బస్సులో పోయేవాళ్లకు కనబడింది.

ఇక జనం బేస్తవారం కోసం ఆగలేదు. ఊదు పట్టుకొచ్చారు, చక్కెర పట్టుకొచ్చారు, పీరు పేరున దువా చదివించమన్నారు. ముసలివాళ్లు బురదలో జారుతుంటే చూడలేక, మౌలాలి తుంగ కోసి మోపులు పరిచి దారి వేశాడు. జెండాబొంగుకు దారాలు కట్టారు. ఒకామె పిల్లాడికి జ్వరమని తెచ్చింది. దర్గాలోనుంచి నెమలీకల కట్ట తెచ్చి మౌలాలి వాడి తలమీద తట్టాడు. వాడికి జ్వరం తగ్గిందట. దాంతో మౌలాలి కాస్తా మౌలాలి సామి అయ్యాడు.

కబురు వాళ్లన్న దాకా పోయింది. ఈ ఉరుసుకు వదినతో సహా వస్తానని చెప్పి పంపాడు.

మౌలాలి పొద్దున పోతే పొద్దుగూకి వచ్చేవాడు. చాప సంగతి గుర్తొచ్చినప్పుడు రేపు కోద్దాంలే అనుకునేవాడు. ఊదుపొగ తుంగమీద మంచులాగా నిలబడేది. ఎర్రది పుల్లమీద కనబడడం తగ్గింది. జనం అడిగితే, "పీరు గుర్రుపెట్టి నిద్రపోతాండాడు" అని ఎవరో నవ్వించేవారు. మౌలాలీ నవ్వేవాడు.

ఒకరోజు జనం వరసలో లాలప్ప తాత నిలబడ్డాడు.

చేతిలో నీళ్ల కడవ. వచ్చింది నీళ్లకేనేమో తెలీదు. ముందున్నవాళ్లు తప్పుకుంటామన్నా వినలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడి, మోపులమీద మెల్లగా నడిచి, మౌలాలి ముందుకొచ్చి తల వంచాడు.

"సామీ, ఈకలతో తట్టు."

జనం చూస్తున్నారు. చెయ్యి దానంతటది లేచి, నెమలీకలు తాత తెల్లతలమీద ఆనించింది.

"పీరును చూపిస్తావా సామీ?"

మౌలాలి దుబ్బు విడదీశాడు. ఎన్నాళ్లయిందో అతను లోపలికి చూసి. బొక్క దగ్గర గడ్డి జారిపోయి ఉంది. తాత రెండు వేళ్లు పెట్టి ఒక గుడ్డు తీసి, మౌలాలి అరచేతిలో పెట్టాడు.

చల్లగా ఉంది. చెరువులో గులకరాయి ఎంత చల్లగా ఉంటుందో అంత. దాని పక్కనుంచి ఒక చీమ పాకి, మౌలాలి వేలెక్కింది.

తాత కడవ ముంచుకుని, భుజాన పెట్టుకుని, వచ్చిన దారినే పోయాడు.

వెనక ఒకామె, "సామి చేతికి గుడ్డిచ్చినాడమ్మా తాత!" అని కళ్లకద్దుకుంటోంది.

ఆ పొద్దు మౌలాలి జెండా పీకేశాడు. దారాలు, ఊదుగిన్నెలు గంపకెత్తాడు. మోపులు ఒక్కొక్కటి తీసి గట్టుమీద పడేశాడు. మరుసటిరోజు వచ్చినవాళ్లకు, "పీరు లేడు. వెళ్లిపోయినాడు" అని చెప్పాడు.

"యాడికి పోయినాడు?" అంది నారాయణమ్మ.

"తెలీదమ్మా."

"నువ్వే ఏదో మైల పెట్టుంటావు."

"అవునమ్మా, నేనే" అన్నాడు మౌలాలి.

నారాయణమ్మ గొడవకు సిద్ధపడి వచ్చింది. ఈ జవాబు విని గంపెత్తుకుని పోయింది. వారం తిరిగేసరికి ఎవరూ రావడం మానేశారు. కాశింబీ అన్నం పెడుతూ, "పోనీలే నాయనా, అన్నీ మంచికే" అంది. ఆ మాట మాత్రం బాగాలేదు.

అప్పటికి తాత మడిలో తుంగ ముదిరిపోయింది. కొడవలి తగిలితే మెత్తగా తెగాల్సింది పట్‌మని విరుగుతోంది. మరవ అవతల, ఎవరూ పోని జలగల గుంటలో ఇంకా పచ్చగా కొంత కనిపించింది. తాత మడిది కాకపోతే ఏం, మెత్తని చాపైనా అవుతుందని మౌలాలి అక్కడికి దిగాడు.

నడుములోతు నీళ్లలో నాలుగడుగులు వేశాడో లేదో, ముందు పుల్లమీద ఎర్రగా కదిలింది.

ముక్కులో తెల్లటి ఈక. అది అతన్ని చూసి ఎగరలేదు. అక్కడే బిగుసుకుని కూర్చుంది. వెనక దుబ్బులో గడ్డి ఉండ సగం చుట్టి ఉంది. ఆడది అందులోంచి తల బయటపెట్టి, మళ్లీ లోపలికి లాక్కుంది.

ఆ పిట్టలేనో, వేరేవో. మౌలాలి తెలుసుకోవాలనుకోలేదు. ఒక్క పుల్ల కూడా కోయకుండా, నీళ్లు కదలకుండా, వెనక్కి తిరక్కుండా అలాగే వెనక్కి నడిచాడు.

చాపకు తాత మడిలోని ముదురు తుంగే కోశాడు. దాన్ని నానబెట్టాడు, ఆరబెట్టాడు, మళ్లీ నానబెట్టాడు. అల్లుతుంటే విరిగేది, విరిగినచోట పేడు లేచేది. వేళ్లు చీరుకుపోయాయి. తాత పక్కనుంచే వచ్చాడు, పోయాడు. రోజూ తెల్లవారుజామున మౌలాలి కట్టమీద ఒకచోట నిలబడి, మరవ అవతలికి కాసేపు చూసేవాడు. అంతకన్నా దగ్గరికి పోలేదు. పుల్లమీద ఎర్రది ఒక్కటే కనబడితే ఆడది గూట్లో ఉందని, ఆడది ఒక్కటే కనబడితే గుడ్లమీద ఎర్రది కూర్చుందని అర్థమయ్యేది. వంతులవారీగా పొదుగుతున్నాయి. ఒకరోజు రెండూ కసువుగింజలు ఏరుకుని పదేపదే గూట్లోకి దూరడం చూశాడు. పిల్లలొచ్చాయి.

సరిగ్గా అప్పుడే ఉరుసు వచ్చింది.

పొద్దునే జనం దిగారు. వాళ్లన్న, వదిన కూడా వచ్చారు, చేతిలో లడ్ల పెట్టెతో. పాగా కట్టగానే అందరికీ పంచాలని అన్న ముందే అనుకున్నాడు. "మా తమ్ముడే" అని పక్కవాళ్లకు చెప్పుకుంటున్నాడు. నారాయణమ్మ తన ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది.

"మౌలాలీ, మళ్లా కనబడినాడా ఆ ఎర్రంగీ పీరు? వీళ్లు దూరంనించి వచ్చినారయ్యా!"

తాత అక్కడే అరుగుమీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"ఏం లేదమ్మా" అన్నాడు మౌలాలి. "తుంగ ఉండాది, దోమలుండాయి. మరవ అవతల జలగలు. కాలు పెడితే వదలవు."

"అయ్యో!" అని ఆడవాళ్లు కొంగులు సర్దుకుని దర్గా లోపలికి పోయారు.

తాత పుక్కిలించి ఉమ్మేశాడు.

మధ్యాహ్నం చాప పరిచారు. తాత దానిమీద కూర్చుని, కాస్త పక్కకు జరిగి, మళ్లీ ఇంకాస్త జరిగాడు.

"గుచ్చుకుంటాంది" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. మౌలాలి తల దించుకున్నాడు.

తాత ఒళ్లో మడతపెట్టిన పచ్చగుడ్డ ఉంది. దాన్ని విప్పి మోకాలిమీద పరుచుకుని, "మౌలాలీ" అని పిలిచాడు. అంతటా గుసగుస. అన్న లడ్ల పెట్టె దారం విప్పుతున్నాడు.

మౌలాలి లేచి నాలుగడుగులు వేశాడు. ఇన్నేళ్లూ నిద్రలో కూడా వేసిన అడుగులు. పాగా పెట్టుకున్నాక ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. ఇమాంసా విషయంలో చూశాడు. జనం వెంటబడతారు. వెళ్లిన చోటికల్లా వస్తారు. కట్టమీద నిలబడితే ఏం చూస్తున్నాడని వాళ్లూ చూస్తారు. రేపు తెల్లవారుజామున అతను చూసేవైపు వందమంది చూస్తారు.

చాప అంచు దగ్గర ఆగిపోయాడు.

"ఇప్పుడొద్దు తాతా."

గుసగుస ఆగిపోయింది.

"ఏం?" అన్నాడు తాత.

"కొంచెం పనుండాది."

"ఏం పని?"

మౌలాలి జనాన్ని చూశాడు. అన్నను చూశాడు. అన్న చేతిలో దారం అలాగే ఉంది.

"ఏం లేదు తాతా."

తాత అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గుడ్డ మడతపెట్టేశాడు.

"సరే" అన్నాడు.

ఆ ఏడు పాగా ఎవరికీ కట్టలేదు.

అన్న మౌలాలిని దర్గా వెనక్కి లాక్కెళ్లి, "బుద్ధుండాదా నీకు? నోటికాడి కూడు తన్నుకుంటావా? నలుగురిలో నా తల యాడ పెట్టుకోవాల?" అని అరిచాడు. వదిన ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. మౌలాలి దగ్గర జవాబుంది. చెప్పలేదు. లడ్లు బస్సులో వాళ్లే తినుకుంటూ పోయారు.

చలికాలంలో ఒకనాడు మరవ అవతలినుంచి మట్టిరంగు పిల్లపిట్టలు లేచాయి. వాటి ముక్కులు ఇంకా నల్లగా ఉన్నాయి. ఎగరడం సరిగా రాక ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కసువులో పడ్డాయి. మౌలాలి కట్టమీద ఒక్కడే నిలబడి చూశాడు. వెళ్లి కొట్టం ఊడ్చుకున్నాడు.

నెలలు గడిచాయి. ఎర్రదాని ఒంటిమీది ఎరుపు ఒక్కొక్క ఈకగా పోయింది. ముందు రొమ్ముమీద, తర్వాత తలమీద. చెరువు ఎండింది, తుంగ పండి వాలిపోయింది. పిట్టలన్నీ గుంపు కట్టాయి.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం లాలప్ప తాత కట్టెక్కి వచ్చి, మౌలాలి పక్కన కూర్చున్నాడు. కింద ఎండుకసువులో జీనువాయిలు మేస్తున్నాయి. మట్టిలో మట్టిలాగా ఉన్నాయి. అవి కదిలితే తప్ప అక్కడ పిట్టలున్నాయని తెలియదు.

"వీటిలో నీ పీరు యాది?"

మౌలాలి కాసేపు చూశాడు.

"అన్నీ ఒకే మాదిరుండాయి తాతా."

"ఊఁ." తాత ఒక గడ్డిపరక పీకి నోట్లో పెట్టుకున్నాడు. "మరవ అవతలి గూడు సంగతి ఎవురికన్నా చెప్పినావా?"

మౌలాలి ఉలిక్కిపడి చూశాడు. తాత పిట్టలనే చూస్తున్నాడు.

"లేదు."

"నాకు గూడా చెప్పలేదే."

"నువ్వడగలేదు గదా తాతా."

తాత నవ్వాడు. భుజంమీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అది ఉరుసునాటి పాగాగుడ్డే. ఇన్నాళ్లూ చెమట తుడుచుకుని, ఎండలో ఆరేసి, మళ్లీ తుడుచుకుని వాడాడు. పచ్చదనమంతా పోయి ఎండుతుంగ రంగులోకి దిగింది. దాన్ని రెండుసార్లు గట్టిగా దులిపాడు.

కట్టమీద ఆ చివర ఒక బర్రె ఉంది. అది కూడా అటు తిరిగి మేస్తోంది.

"ఇప్పుడెవురూ చూడ్డంలేదు" అన్నాడు తాత. "తల వంచు."